మందులు గుర్తుచేసే యాప్, తెలుగు వెర్షన్: అలారం బాగుంది, మాటలే మార్చాలి

ముందే రేటింగ్ చెప్పేస్తాను: 5కి 3. అలారం ఒక్కదానికే అయితే నాలుగున్నర ఇచ్చేదాన్ని. తెలుగు దగ్గరికి వచ్చేసరికి రెండు కూడా ఎక్కువే అనిపించింది, అందుకే సగటున ఇక్కడికి దిగింది. యాప్ పేరు రాయడం లేదు. ఈ రకం యాప్‌లు ఇంకొన్ని కూడా వాడి చూశాను, అన్నిటిలోనూ ఇదే ధోరణి తెలుగు ఉంది, కాబట్టి ఒక్కదాని పేరు బయటపెట్టి మిగతావి బాగున్నాయనిపించడం న్యాయం కాదు. మీరు ఏది వాడుతున్నా కింద రాసినవి ఒకసారి మీ ఫోన్‌లో సరిచూసుకోండి.

పని వరకు చూస్తే మంచి యాప్. మాత్ర ఫొటో తీసి పెట్టుకోవచ్చు, అలారం మోగినప్పుడు ఆ ఫొటోనే పెద్దగా కనిపిస్తుంది, ఎన్ని వేసుకోవాలో అన్ని బొమ్మలు పక్కపక్కనే వస్తాయి. స్ట్రిప్ అయిపోవచ్చే ముందు చెబుతుంది. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా మెసేజ్ వెళ్తుంది. నెట్ లేకపోయినా అలారం ఆగదు. అమ్మ కోసమే దీన్ని వేశాను, అమ్మకు బీపీ, థైరాయిడ్ రెండూ ఉన్నాయి, ఇంగ్లీషు చదవదు, తెలుగు పేపరు మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. అంటే ఈ యాప్ తెలుగు వెర్షన్ ఎవరి కోసం తయారైందో సరిగ్గా అలాంటి మనిషి.

ఇక మాటల సంగతి. అలారం కింద ఉండే బటన్ మీద "తీసుకున్నాను" అని ఉంటుంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మక్కీకి మక్కీ దించారు. తెలుగులో మాత్ర తీసుకోవడం అంటే షాపులో కొని తెచ్చుకోవడం కూడా, ఎవరైనా ఇస్తే చేత్తో అందుకోవడం కూడా. మింగడానికి మనం వాడే మాట వేసుకోవడం. "మాత్ర వేసుకున్నావా అమ్మా" అని అడుగుతాం గానీ "తీసుకున్నావా" అని ఏ ఇంట్లో అడుగుతారు? నేను మందులు తెచ్చి చేతికిస్తే అమ్మ ఆ బటన్ నొక్కేసింది, యాప్ ఆ రోజు డోసు పడిపోయినట్టు లెక్క రాసుకుంది. అదేమిటని అడిగితే, "తీసుకున్నానే, నీ చేతి నుంచే కదా తీసుకున్నాను" అంది. ఆమె చదివింది కరెక్టే, రాసిన వాళ్లదే పొరపాటు. మాత్ర అయితే వేసుకున్నాను, సిరప్ అయితే తాగాను, చుక్కల మందు అయితే వేశాను, పైపూత అయితే రాశాను. మన భాషలో ఒక్కో రకం మందుకు ఒక్కో క్రియ ఉంది. మందు రకం ఎలాగూ మనమే ఎంచుకుంటాం కాబట్టి దాన్నిబట్టి బటన్ మీద మాట మార్చడం వాళ్లకు పెద్ద పనేం కాదు.

థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, అది వేసుకున్నాక అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే వాటికీ దీనికీ మధ్య 4 గంటలైనా ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగా పట్టదు. యాప్‌లో దీనికి మొదట "ఉపవాస స్థితిలో తీసుకోవాలి" అని ఉండేది. అది చదివి అమ్మకు టెన్షన్ మొదలైంది, రోజూ ఉపవాసం ఉండాలా అని. పరగడుపు అనే మాట అందరికీ తెలుసు, చదువుకున్న వాళ్లూ చదువు లేని వాళ్లూ అందరూ వాడతారు, డాక్టర్లు కూడా అదే అంటారు. అంత స్పష్టమైన మాట చేతిలో ఉండగా దాన్ని పక్కన పెట్టి ఇంకోటి ఎందుకు వెతుక్కున్నారో నాకు అర్థం కాలేదు. ఈ ఒక్కటీ మాత్రం రాసి పంపితే సరిచేశారు, కింద చెబుతాను.

పూట అన్న మాట కూడా ఇలాగే కనపడకుండా పోయింది. అన్నిచోట్లా "రోజుకు రెండుసార్లు" అనే ఉంటుంది. అందులో తప్పు లేదు, కానీ ఆ రెండుసార్లు ఎప్పుడెప్పుడు? ఒకటి పొద్దున, ఇంకోటి మధ్యాహ్నం వేసుకున్నా రెండుసార్లే కదా. ఈ విషయం మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2006లో వచ్చింది, 395 మంది రోగులకు మందు సీసాల మీది లేబుళ్లు చూపించి అడిగారు. "రోజుకు రెండుసార్లు, రెండేసి మాత్రలు" అన్న వాక్యాన్ని చదువు తక్కువున్న వాళ్లలో కూడా దాదాపు 71 శాతం మంది సరిగ్గానే చెప్పారు, కానీ రోజు మొత్తానికి ఎన్ని మాత్రలో తీసి చూపించమంటే సరిగ్గా నాలుగు చూపించిన వాళ్లు దాదాపు 35 శాతమే. చదవడం వేరు, అర్థమవడం వేరు. ఆ తర్వాత పరిశోధకులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు అని వేళ పేరు పెట్టి, ఒక్కో వేళకు ఎన్నో రాయాలనే పద్ధతిని ముందుకు తెచ్చారు. మన వాళ్లు "పూటకొకటి", "రెండు పూటలా", "రాత్రి పూట మాత్రమే" అంటూ ఎప్పటినుంచో అలాగే చెప్పుకుంటున్నారు. ఈ యాప్‌లో బొమ్మలు అంత చక్కగా పెట్టారు కాబట్టి లెక్క దగ్గర గొడవ రాదు, అందుకు మెచ్చుకోవాలి. రాత కూడా బొమ్మలతో కలిసి నడిస్తే ఇంకా బాగుంటుంది. యాంటీబయాటిక్ లాంటివి కొన్ని సరిగ్గా 8 గంటలకోసారి పడాలి, మూడు పూటలా అంటే అది కుదరదు, అక్కడ గడియారం టైమే రాయాలి, యాప్ అలాగే రాస్తుంది కూడా.

తర్జుమా చేసి వదిలేస్తే ఏమవుతుందో తెలియడానికి స్పానిష్ ఉదాహరణ ఒకటి చాలు. ఇంగ్లీషులో 'వన్స్' అంటే ఒకసారి, కానీ దాన్ని రాసే అక్షరాలు స్పానిష్‌లో చదివితే పదకొండు. అమెరికాలో మందుల షాపులు కంప్యూటర్‌తో లేబుళ్లను స్పానిష్‌లోకి మార్చేటప్పుడు కొన్ని ఇంగ్లీషు ముక్కలు అలాగే మిగిలిపోతే, రోజుకు ఒకసారి వేసుకోమన్న మందు చదివేవాళ్లకు పదకొండు సార్లు వేసుకోమన్నట్టు కనిపించే ప్రమాదం ఉందని పరిశోధకులు హెచ్చరించారు. మన దగ్గర అంత దారుణమైన పొరపాటు నాకు తగల్లేదు. తగిలేదాకా ఆగడం మాత్రం మంచిది కాదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది "నయం" అనే మాట. ప్రతి మందుకూ ఒక సమాచారం పేజీ ఉంటుంది. అమ్మ బీపీ మాత్ర పేజీలో "ఈ ఔషధం అధిక రక్తపోటును నయం చేస్తుంది" అని రాశారు. చేయదు. అదుపులో ఉంచుతుంది, అంతే. ఇంగ్లీషులో చికిత్సకు వాడతారని ఉన్నదాన్ని నయం చేస్తుందని మార్చేశారు. ఇది మాటల పట్టింపు కాదు. నయమైతే ఇక మందెందుకు అని ఎవరైనా ఆలోచిస్తారు, నాలుగు రోజులు రీడింగ్ బాగా వస్తే నయమైందనుకుని మానేస్తారు. బీపీ మళ్లీ పైకి లేస్తుంది. క్లోనిడిన్, బీటా బ్లాకర్ల లాంటి కొన్ని బీపీ మందులను ఉన్నట్టుండి ఆపేస్తే అంతకు ముందు కంటే ఎక్కువగా పెరిగి ప్రాణం మీదికి వచ్చే అవకాశం కూడా ఉంది, వాటిని డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవాలి.

తెలుగులో దీనికి మాటల కరువేమీ లేదు. నొప్పి తగ్గుతుంది, జ్వరం దిగుతుంది, పుండు మానుతుంది, మనిషి కోలుకుంటాడు, స్పృహ తప్పిన వాడు తేరుకుంటాడు, ఆరోగ్యం కుదుటపడుతుంది, బీపీ అదుపులో ఉంటుంది, జబ్బు నయమవుతుంది. వీటిలో నయం అనేది చివరి మాట, జబ్బు ఇక ఒంట్లో లేదని అర్థం. యాప్‌లో మాత్రం అన్నిటికీ ఇదే వాడేశారు, లేదంటే "ఉపశమనం" పెట్టారు. నిజంగా నయమయ్యే జబ్బు పేరు చెప్పాలంటే టీబీ చెప్పవచ్చు, మామూలు టీబీకి ఆరు నెలల మందులు సాధారణంగా వాడుకలో ఉన్న కోర్సు, అంతా వాడితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. కానీ అక్కడ ఇబ్బంది ఎదురు వైపు నుంచి వస్తుంది: కొన్ని వారాల్లోనే దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది, మనిషి తగ్గింది కదా అని ఆపేస్తాడు. జబ్బు తిరగబెడుతుంది, ఈసారి మందులకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంటుంది. అంటే టీబీ పేజీలో "తగ్గినా నయమైనట్టు కాదు, కోర్సు పూర్తి చేయాలి" అని పెద్ద అక్షరాలతో ఉండాలి. బీపీ పేజీలో నయం అనే మాటే కనిపించకూడదు. హెచ్ఐవీ పేజీలో నయం కాదని, కానీ మందులు క్రమం తప్పకుండా వేసుకుంటే వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుందని, అలా ఉన్నంతకాలం శృంగారం ద్వారా ఇంకొకరికి సోకదని రాయాలి. ఒక్కో జబ్బుకు ఒక్కో వాక్యం మార్చితే సరిపోయేది.

షుగర్ దగ్గర ఇంకొంచెం చిక్కుంది. బరువు బాగా తగ్గిన కొందరికి మందులు లేకుండానే షుగర్ మామూలు స్థాయికి వస్తుంది. దీన్ని ఏ పేరుతో పిలవాలి, ఎప్పుడు పిలవాలి అని 2021లో డయాబెటిస్ నిపుణుల సంఘాలు కలిసి తేల్చాయి: మందులు ఆపేశాక కనీసం 3 నెలలు గడిచినా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6.5 శాతం లోపే ఉంటే దాన్ని రెమిషన్ అనాలని. నయమైందని అనలేదు, కావాలనే అనలేదు, ఎందుకంటే మళ్లీ వచ్చే అవకాశం ఉంది, పరీక్షలు చేయించుకుంటూనే ఉండాలి. యాప్ ఈ రెమిషన్‌ని కూడా "ఉపశమనం" అనే రాసింది. అదే మాట తలనొప్పి మాత్ర పేజీలో కూడా ఉంది. క్యాన్సర్ పేజీలోనూ అదే. తలనొప్పి కాస్త తగ్గడం, క్యాన్సర్ ఆనవాళ్లు కనపడకుండా పోవడం ఒకే మాటతో ఎలా చెబుతారు? ఇక్కడ నా అభిప్రాయం: "ప్రస్తుతానికి జబ్బు లక్షణాలు లేవు, తిరగబెట్టవచ్చు, పరీక్షలు ఆపకండి" అని ఒక పూర్తి వాక్యం రాస్తే చాలు, ఒక్క మాటలో ఇరికించే పని లేదు.

తిరగబెట్టడం అన్నాను కదా, ఆ మాట కూడా యాప్‌లో లేదు. "లక్షణాల పునరావృతం" ఉంది.

మొదట్లో వివరాలు నింపేటప్పుడు "ఏవైనా ఔషధాల పట్ల అతిసున్నితత్వం ఉందా?" అని అడుగుతుంది. అమ్మ లేదని నొక్కింది. నేను పక్కన కూర్చుని "నీకు ఏ మందైనా పడదా అమ్మా?" అని అడిగితే వెంటనే "పెన్సిలిన్ పడదు, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి" అంది. ప్రాణానికి సంబంధించిన ప్రశ్న ఇది, ప్రశ్నలో మాట తప్పైతే జవాబు కూడా తప్పే వస్తుంది. పడదు అనే మాటలో ఒక లోటు ఉందని ఒప్పుకుంటాను, కడుపులో మంట వచ్చినా పడలేదంటాం, ముఖం వాచి ఊపిరాడకపోయినా పడలేదంటాం. అందుకని "పడదా?" అని అడిగాక "వేసుకుంటే ఏమైంది?" అని రెండో ప్రశ్న వేసి దద్దుర్లు, వాపు, ఆయాసం, వాంతులు, విరేచనాలు అని విడివిడిగా చూపిస్తే డాక్టరుకు పనికొచ్చే సమాచారం దొరుకుతుంది. ఈ తేడా చిన్నదేం కాదు. అమెరికాలో దాదాపు 10 శాతం మంది తమకు పెన్సిలిన్ అలెర్జీ ఉందని చెబుతారు, సరిగ్గా పరీక్షిస్తే వాళ్లలో 90 శాతానికి పైగా ఆ మందును ఏ ఇబ్బందీ లేకుండా తట్టుకుంటారు. అమ్మ విషయంలో తేల్చాల్సింది డాక్టరే, అప్పటిదాకా పడదనే రాసి ఉంచాం.

మందుల జాబితాలో పేర్లు పెట్టుకునే చోట ఒక మంచి పనీ ఒక చెడ్డ పనీ చేశారు. మనం సాధారణంగా మందును దాని పనితో పిలుస్తాం: జ్వరం మాత్ర, నొప్పుల మాత్ర, జలుబు మందు. యాప్ కూడా అలా పేరు పెట్టుకోనిస్తుంది, అమ్మలాంటి వాళ్లకు అదే వీలు. కానీ ఆ మూడింటిలోనూ పారాసిటమాల్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు, అంటే 500 మిల్లీగ్రాములవి ఎనిమిది. లివర్ జబ్బు ఉన్నవాళ్లకు, బాగా సన్నగా బలహీనంగా ఉన్నవాళ్లకు ఇంకా తక్కువే. మూడు పేర్లతో మూడు మందులు వేసుకుంటున్నామనుకుంటూ ఒకటే మందును మూడింతలు వేసుకుంటే లివర్ దెబ్బతింటుంది. మనం పెట్టుకున్న పేరు పక్కనే లోపలున్న అసలు మందు పేరు తెలుగు అక్షరాల్లో చూపించాలి, రెండుచోట్ల ఒకటే కనిపిస్తే హెచ్చరించాలి. ఇంగ్లీషు వెర్షన్‌లో ఆ హెచ్చరిక వస్తుంది. తెలుగులో రాదు, ఎందుకో తెలియదు, వెంటనే సరిచేయాల్సిన వాటిలో ఇదొకటి.

మోతాదు దగ్గర కూడా ఒకటుంది. మిల్లీగ్రాములకు "మి.గ్రా.", మైక్రోగ్రాములకు "మై.గ్రా." అని పెట్టారు. ఒక గుణింతం తేడా అంతే, చిన్న అక్షరాల్లో కళ్లజోడు లేకుండా చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, విలువలో మాత్రం వెయ్యి రెట్ల తేడా. థైరాయిడ్ మాత్రలు మైక్రోగ్రాముల్లోనే ఉంటాయి. మైక్రోగ్రాములు అని పూర్తిగా రాయడానికి స్క్రీన్ మీద చోటు ఉంది. "పవర్" అనే మాట వల్ల ఇంకో అపోహ కూడా ఉంది, అంకె పెద్దదైతే మందు గట్టిదని చాలామంది నమ్ముతారు, 50 మైక్రోగ్రాముల మాత్ర కంటే 500 మిల్లీగ్రాముల మాత్ర బలమైనదని అనుకుంటారు. వేర్వేరు మందుల మధ్య ఆ పోలికకు అర్థమే లేదు. సమాచారం పేజీలో ఈ సంగతి ఒక్క లైనులో చెబితే చాలామందికి ఉపయోగపడుతుంది.

"సహజ నివారణలు" అని ఒక విభాగం ఉంది. నివారణ అంటే రాకుండా చూడటం కూడా, వచ్చినదాన్ని పోగొట్టడం కూడా. టీకా చేసేది ఒకటి, నొప్పి మందు చేసేది ఇంకోటి, రెండింటికీ ఒకే మాట పెడితే చదివేవాళ్లకు ఏం తెలుస్తుంది? పైగా మనకు కషాయం, చూర్ణం, లేహ్యం, తైలం, లేపనం అని దేనికది పేర్లున్నాయి, పేరు వినగానే మరిగించిందో, పొడో, నాకేదో, ఒంటికి పట్టించేదో తెలిసిపోతుంది. యాప్ వీటన్నిటినీ "మూలికా ద్రావణం" అనేసింది. ఇంతకంటే నన్ను బాధపెట్టింది ఏమిటంటే, సహజం అనగానే హాని లేదన్న భావం వచ్చేలా ఆ పేజీలన్నీ రాశారు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక గర్భనిరోధక మాత్రల పనిని, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ పనిని తగ్గించేస్తుంది, ఇది డాక్టర్లకు బాగా తెలిసిన విషయం. చిట్కా అయినా మూలిక అయినా ఒంట్లో పనిచేస్తుందంటే పక్క మందులతో తగువు పెట్టుకునే అవకాశమూ ఉన్నట్టే. గ్రీకులో ఫార్మకాన్ అనే పాత మాటకు మందు అనీ విషం అనీ రెండర్థాలూ ఉన్నాయి, మన మందు కూడా రోగానికీ వాడతాం పురుగులకూ కొడతాం. "మీరు వాడే మిగతా మందుల సంగతి డాక్టరుకు చెప్పండి" అన్న హెచ్చరిక ఆ విభాగంలో ప్రతి పేజీ పైనా ఉండి తీరాలి.

మందు తాగడం అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త పడ్డారు, "మద్యం" అనే రాశారు, ఎక్కడా అయోమయం లేదు. అలాగే నమిలి మింగాలి, చప్పరించాలి, నాలుక కింద పెట్టుకోవాలి, నలపకూడదు అనేవన్నీ చక్కటి తెలుగులో, దేనికది బొమ్మతో ఉన్నాయి. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రను నలిపి వేసుకుంటే మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్లిపోతుంది కాబట్టి ఆ నలపకూడదు అన్న ముక్క చాలా ముఖ్యం. ఈ పేజీ రాసిన మనిషే మిగతావీ రాసి ఉంటే నా ఫిర్యాదుల్లో సగం ఉండేవి కావు.

కొందరు అంటారు, శుద్ధమైన తెలుగు వాడితే తప్పేమిటి అని. దుష్ప్రభావాలు, అధిక రక్తపోటు, మధుమేహం ఇవన్నీ మంచి మాటలే, పత్రికల్లో రోజూ చదువుతాం. నాకు వాటి మీద కోపం లేదు. కానీ మందుల దగ్గర చదివేవాడు ఆగి ఆలోచించాల్సిన పని పడకూడదు. బీపీ, షుగర్, సైడ్ ఎఫెక్ట్స్, డోసు, కోర్సు ఇవి ఇప్పుడు తెలుగు మాటలే, పరగడుపు, పూట, పడదు, తిరగబెట్టింది, గుణం కనిపించింది ఇవి ఎప్పటినుంచో తెలుగు మాటలు. రెండు రకాలూ రోగి నోట్లో ఉన్నవే. వాటిని పక్కన పెట్టి అటూ ఇటూ కాని మాటలు తెచ్చి పెట్టడమే నా అభ్యంతరం.

కస్టమర్ సపోర్ట్ గురించి: వీటిలో ముఖ్యమైనవి రాసి, స్క్రీన్‌షాట్లు పెట్టి పంపాను. మర్యాదగా జవాబిచ్చారు, తర్వాతి అప్‌డేట్‌లో "ఉపవాస స్థితి" పోయి "పరగడుపున" వచ్చింది. అది చూసి నిజంగా సంతోషమేసింది. నయం గురించి, అలెర్జీ ప్రశ్న గురించి, పారాసిటమాల్ హెచ్చరిక గురించి "టీమ్‌కి పంపాం" అన్నారు, ఇప్పటిదాకా మార్పు లేదు. ఈ మూడూ సరిచేస్తే రేటింగ్ నాలుగున్నరకు మార్చేస్తాను.

అప్పటివరకు వాడేవాళ్లు ఇలా చేయండి. అలారాలు, బొమ్మలు తెలుగులోనే ఉంచుకోండి, వాటికి ఢోకా లేదు. అలెర్జీ ప్రశ్న మాత్రం మీరే పక్కన కూర్చుని "పడని మందులేమైనా ఉన్నాయా" అని అడిగి నింపండి. ప్రతి మందు పేరు పక్కన నోట్స్‌లో లోపలున్న అసలు మందు పేరు తెలుగులో టైప్ చేసి పెట్టండి, నేను అలాగే పెట్టాను. సమాచారం పేజీలో నయం చేస్తుంది అని ఎక్కడ కనిపించినా మందు ఆపే ముందు డాక్టరును అడగాలని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఉంచండి. సహజ నివారణల విభాగాన్ని సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసుకోవచ్చు, హోమ్ స్క్రీన్ అనే చోట చివర్లో ఉంటుంది ఆ బటన్.